అంటు మామిడి అని చెప్పి ఎండిన అంట్లు అమ్ముతున్నారు, కొనేముందు మొక్క మొదలు చూడండి

పెరట్లో మామిడి వేయాలనుకునే వారందరికీ ఈ హెచ్చరిక. వ్యానులో మొక్కలు వేసుకొచ్చి "అసలైన హిమాయత్ అంటు, మూడో ఏటికే కాపు" అంటూ వీధుల్లో అమ్మేవారి దగ్గర దయచేసి కొనకండి. మాకు అలా అంటగట్టిన మొక్క ఇప్పుడు మేడ ఎత్తుకు పెరిగింది. పూత ఒకే ఒక్క ఏడాది వచ్చింది. నిలిచిన నాలుగు కాయలూ పీచు, పులుపు. వ్యానులో చూపించిన మొక్కకు కాయలు వేలాడుతున్నాయి, చేతికిచ్చింది మాత్రం వేరే మొక్క. బిల్లు అడిగితే ఫోను నంబరు రాసిచ్చారు. ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయింది.

అంటు మొక్కలో కింద ఉండేది టెంక నుంచి మొలిచిన నాటు మొక్క, పైన ఉండేది మంచి చెట్టు నుంచి తెచ్చి కట్టిన కొమ్మ. ఆ కొమ్మ ఎండిపోయినా కింది మొక్క చావదు, అతుకు కింద నుంచి కొత్త చిగురు వేస్తుంది. సంచిలో పచ్చగా, ఏపుగానే కనిపిస్తుంది. మా చెట్టు మొదట్లో జానెడు ఎత్తున ఎండిన మోడు ఇప్పటికీ ఉంది, మాను దాని కింద నుంచి లేచింది. ఇలాంటిది కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లో, అంతకు మించో పట్టవచ్చు. వచ్చినా మీరు అడిగిన రకం కాదు. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచాక తెలిసే మోసం ఇది, అందుకే నాకింత కోపం.

కొనేటప్పుడు ఆకులు కాదు, మొదలు చూడండి. మట్టికి జానెడు పైన ఏటవాలు అతుకు, కొంచెం ఉబ్బు, పైనా కిందా బెరడులో తేడా కనిపించాలి. ఆకులున్న కొమ్మలన్నీ ఆ అతుకు పైనుంచే రావాలి. అతుకును మట్టితో కప్పి ఉంటే వేలితో తీసి చూడండి. చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

కాయని ప్రతి చెట్టూ మోసం కాదు. హిమాయత్ సహజంగానే కాపు తక్కువ రకం. మామిడి చాలా రకాల్లో ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. గోడ నీడ పడినా, పూతకు ముందు చలికాలంలో నీళ్లు ఎక్కువ పెట్టినా పూత తగ్గుతుంది. అమ్మేవారు ఇందులో ఒక్క మాటా చెప్పరు.

మొక్కలు కావాలంటే సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలోనో, నూజివీడు మామిడి పరిశోధన స్థానంలోనో అడగండి. లేదంటే ఉద్యాన శాఖ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సరీలో, బిల్లుపై రకం పేరు రాయించుకుని కొనండి. బిల్లు ఉంటేనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేసినా బలం ఉంటుంది.

ఈ మధ్య వ్యాను దగ్గర కొన్నవారు ఇవాళే మొదలు చూడండి. అతుకు పైకొమ్మ ఇంకా బతికి ఉంటే కింది చిగుళ్లను మొదలంటా తీసేయండి, చెట్టు దక్కుతుంది. అది ఎండిపోయి ఉంటే, మాను లేతగా ఉండగానే తెలిసినవారితో మళ్లీ అంటు కట్టించండి.