తిరుపతిలో మా పాప ఉన్న ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ): మా అనుభవం

మా పాప 30 వారాలకే పుట్టింది, బరువు 1,300 గ్రాములు. చిత్తూరు నుంచి అంబులెన్స్‌లో తిరుపతి తెచ్చేసరికి ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి, సన్నగా మూలుగుతోంది. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలదు, అందుకే ఊపిరి వదిలినప్పుడు గాలి తిత్తులు ముడుచుకుపోతాయని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. గొంతులో గొట్టం వేసి ఆ సర్ఫాక్టెంట్‌నే మందుగా ఇచ్చారు. రెండు రోజులు వెంటిలేటర్, తర్వాత ఊపిరికి సాయపడే బబుల్ సీప్యాప్.

ఆ సీప్యాప్ ఎంత సాదా పరికరమో చూస్తే నమ్మలేరు. ముక్కులో రెండు చిన్న గొట్టాలు, అవతలి కొస నీళ్ల సీసాలో 5 సెంటీమీటర్ల లోతున, గుడగుడమని బుడగలు. ఆ నీళ్ల లోతే పాప ఊపిరితిత్తులు మూసుకుపోకుండా పట్టి ఉంచే ప్రెషర్. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి లీకవుతున్నట్టే. అర్ధరాత్రి అయినా సరే, శబ్దం ఆగగానే సిస్టర్ పరుగున వచ్చి ముక్కు దగ్గర సర్దేది, ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆక్సిజన్ కూడా లెక్కగా ఇచ్చారు. ఎక్కువైతే కళ్లకు ప్రమాదమట, అందుకే రోజురోజుకూ తగ్గించి మామూలు గాలిలో ఉండే 21 శాతానికి తెచ్చారు, నాలుగో వారంలో కంటి పరీక్ష చేయించారు.

నచ్చనిది బిల్లింగ్ కౌంటర్. సర్ఫాక్టెంట్ ఖరీదు ముందుగా చెప్పకుండా రాత్రి రెండింటికి కట్టమన్నారు. ఆపరేషన్ కుట్లతో ఉన్న నా భార్యకు బయట కూర్చోడానికి కుర్చీ లేదు, మెట్ల మీదే కూర్చుంది. ఇది కచ్చితంగా మార్చాలి.

మీరు వెళ్లాల్సి వస్తే, సర్ఫాక్టెంట్ రాత్రిపూట కూడా దొరుకుతుందా అని బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి.