మృదులాస్థి కణాలకు జన్యువును చేర్చడానికి ఏ వైరస్ మేలు?

మోకాళ్ల గుజ్జు అరిగిన పెద్దవారు ఇంట్లో ఉన్న కావలి, కందుకూరు విద్యార్థులు, ముఖ్యంగా బయోటెక్నాలజీ చదివేవారు, తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మృదులాస్థి (కీళ్లలో ఎముకల కొనలను కప్పే, మనం గుజ్జు అనే పొర) కణాలలోకి జన్యువును మోసుకెళ్లే వాహనంగా అడినోవైరస్ మేలా, ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్ అనే మరో చిన్న వైరస్) మేలా?

చాలామంది ముందుగా చూసేది ఎంత పెద్ద జన్యువు పడుతుందన్నది. ఏఏవీలో సుమారు 4.7 కిలోబేసులకు (ఒక కిలోబేసు అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు) మించి పట్టదు, అడినోవైరస్‌లో అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. అయితే ఇక్కడ పంపదలచిన జన్యువులు చిన్నవే: మృదులాస్థి తయారీని నడిపే సాక్స్9 ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగం సుమారు 1.5 కిలోబేసులు, వాపును అణచే ఐఎల్-1ఆర్ఏ అనే ప్రోటీన్‌ది అంతకన్నా తక్కువ. కాబట్టి చోటును బట్టి తేల్చవలసిన పని లేదు.

నా దృష్టిలో తేల్చేది వైరస్ రేణువు ఎంత పెద్దదన్నది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు; కణాలు కొల్లాజెన్ పోగుల మధ్య, వాటి సందులను నింపిన ప్రోటియోగ్లైకాన్ల (నీటిని పట్టి ఉంచే చక్కెర-ప్రోటీన్ అణువుల) లోపల, దూరదూరంగా ఇమిడి ఉంటాయి. రొయ్యల గుంటకు నీరు పెట్టేటప్పుడు గొట్టం మూతికి కట్టే సన్నని వలలాగా ఆ అల్లిక పెద్ద రేణువులను బయటే ఆపేస్తుంది. అడినోవైరస్ వ్యాసం సుమారు 90 నానోమీటర్లు, ఏఏవీది సుమారు 25. కీలులోకి సూదితో ఇచ్చిన అడినోవైరస్ ఎక్కువగా కీలు లోపలి పొరకే అంటుకుంటుంది. ఏఏవీకి, నెమ్మదిగానైనా, లోపలి కణాలను చేరే అవకాశం ఉంది. కొల్లాజెన్‌ను కరిగించే కొల్లాజినేజ్ ఎంజైముతో అల్లికను కరిగించి, విడదీసిన కణాలను ప్రయోగశాల పాత్రలో పెంచి పరీక్షిస్తే ఈ తేడా కనిపించదు, అక్కడ అడినోవైరస్ కూడా చక్కగా పనిచేస్తుంది; అందుకే పాత్రలో వచ్చిన ఫలితాలను మాత్రమే చదివినవారు దానివైపు మొగ్గుతారు.

పైగా అడినోవైరస్ రోగనిరోధక వ్యవస్థను గట్టిగా రెచ్చగొడుతుంది, దాని ప్రభావం సాధారణంగా కొద్ది వారాలకే తగ్గిపోతుంది. మృదులాస్థి కణాలు అరుదుగా విభజన చెందుతాయి కనుక, క్రోమోజోములో కలవకుండానే ఏఏవీ జన్యువు వాటిలో చాలాకాలం నిలవగలదు.

ఈ రెండూ కాక వాహనంగా వాడే రెట్రోవైరస్ విభజన చెందే కణాలకే పనికివస్తుంది కాబట్టి, కణాలను బయట పెంచి, మార్చి, కీలులో పెట్టాలి. ఆ పద్ధతిలో తయారై కొరియాలో 2017లో అనుమతి పొందిన ఇన్వోసా అనే మోకాలి చికిత్సలో జన్యువు చేర్చిన కణాలు మృదులాస్థి కణాలు కావు, మూత్రపిండ మూలం గలవని తేలడంతో 2019లో ఆ అనుమతి రద్దయింది. రెట్రోవైరస్‌లలోనే ఒక రకమైన లెంటివైరస్ విభజన చెందని కణాలలోకీ వెళ్తుంది గానీ క్రోమోజోములో కలుస్తుంది, అలా కలిసి కణం సొంత జన్యువులను చెడగొట్టవచ్చు. ప్రాణాపాయం లేని జబ్బుకు అంత సాహసం అనవసరం.

ఏఏవీకీ ఒక పెద్ద చిక్కుంది: పెద్దవారిలో చాలామందికి దానిపై ప్రతిరక్షకాలు ముందే ఉంటాయి, అవి కీలు ద్రవంలోనూ కనిపిస్తాయి. ఒకసారి ఇచ్చాక అవి మరింత పెరుగుతాయి గనుక, అదే రకాన్ని మళ్లీ ఇవ్వడం కష్టం.