గోడ తగాదాకి ఏది మేలు: కార్పొరేషనా, లోక్ అదాలతా, కోర్టా?

నెల్లూరులో ఇంటి స్థలం లెక్క అంకణాల్లో. అంకణమంటే 72 చదరపు అడుగులు. సెంటు 435.6 అడుగులు కాబట్టి కచ్చితంగా లెక్కేస్తే 6.05 అంకణాలు వస్తాయి. నోటి లెక్కలో మాత్రం సెంటుకి ఆరంకణాలే అంటారు. అలా సెంటుకి 3.6 అడుగులు ఎటూ చేరకుండా మిగిలిపోతాయి. పది సెంట్ల మీద అది అరంకణం. ఆ అరంకణం ఎవరిదన్న మాట కొన్నరోజు లేవదు, ప్రహరీకి పునాది తీసిన రోజున లేస్తుంది. వేరే ఊళ్లలో గజాల్లో కొలుస్తారు గానీ గోడ దగ్గరికొచ్చేసరికి గొడవ ఒకటే.

మా మూలాపేట సందులో తగాదా కూడా ఇలాంటిదే. పక్కింటాయన పాత ఇల్లు కొట్టి కొత్తది లేపుతూ మా వైపు సన్‌షేడ్ దించాడు. వాన పడితే ఆ నీళ్లన్నీ మా గోడ మీదే. దానికి తోడు ఉమ్మడి గోడ ఎవరిదన్న పాత పేచీ. "ఏందబ్బయా, కార్పొరేటర్‌తో ఒక మాట చెప్పిస్తే పోలా?" అని ఇంట్లో పెద్దాయన సలహా.

కార్పొరేటర్ పంచాయితీని నేను తీసిపారెయ్యను. ఇద్దర్నీ ఎరిగిన మనిషి, సాయంత్రానికి కూర్చోబెడతాడు, ఖర్చు టీ నీళ్లే. కానీ ఆయనకి రెండిళ్ల ఓట్లూ కావాలి. పైగా ఆ ఒప్పందం నోటి మాట. రేపు పక్కిల్లు అమ్ముడుపోతే కొన్నవాడు "నాకెవరూ చెప్పలేదే" అంటాడు.

కార్పొరేషన్ ఆఫీసు సంగతి వేరు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు, లేదంటే ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవొచ్చు. అయితే అర్జీలో ఏం రాస్తున్నామన్నదే అసలు కిటుకు. "నా స్థలం ఆక్రమించాడు" అని రాస్తే, ఇది సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండి అని తిప్పి పంపుతారు. వాళ్ల తప్పేం లేదు. స్థలం ఎవరిదో తేల్చే అధికారం కార్పొరేషన్‌కి లేదు. ఇంటి పన్ను రసీదు మన పేరున ఉన్నా, ప్లాన్ మంజూరైనా అవి హక్కు పత్రాలు కావు. అదే "మంజూరైన ప్లాన్‌లో చూపిన సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదలకుండా కడుతున్నారు", "కాలువ మీద మెట్లు కట్టారు" అని రాస్తే అది టౌన్ ప్లానింగ్ వాళ్ల పనే. వచ్చి కొలవాలి, తేడా ఉంటే నోటీసు ఇవ్వాలి. ఇంకో సంగతి, కొలిచే టేపు మన ఇంటి ముందూ పడుతుంది. మా మెట్లు కూడా కాలువ మీదే ఉన్నాయని నాకు అర్జీ సగం రాశాక గుర్తొచ్చింది.

అందుకే వీధికి తగిలే తగాదాకి కార్పొరేషనే మేలు అంటాను. రోడ్డు, కాలువ, ప్లాన్, మురుగు ఈ లెక్కలోవి. రెండిళ్ల మధ్య అడుగు, అరడుగు తేడాకి మాత్రం నా ఓటు లోక్ అదాలత్‌కే. కేసు వెయ్యకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. వాళ్లు అవతలివాళ్లకి నోటీసు పంపి పిలుస్తారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు 1987 నాటి చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది. కార్పొరేటర్ అరుగు మీద కుదిరిన మాటనైనా ఇక్కడికి తెచ్చి కాగితం మీద పెట్టించుకోవచ్చు. చాలామంది ఆ రెండో అడుగే వెయ్యరు. లోపమల్లా, రాజీకి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు మొండికేస్తే అక్కడ తీర్పు చెప్పరు.

అప్పుడు కోర్టే. ఏళ్లు పడుతుందన్నది అబద్ధం కాదు. కానీ రేపు స్లాబ్ వేస్తారనగా ఇవాళ ఆపించాలంటే తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) కోసం వెళ్లాల్సింది అక్కడికే. అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయర్‌ని వేయించుకుంటే ఆయన సర్వేయర్‌ని వెంటబెట్టుకొచ్చి ఉన్నదున్నట్టు రాసి కోర్టుకి ఇస్తాడు. 20 ఏళ్లుగా కిటికీకొచ్చే గాలీ వెలుతురూ మూసేస్తున్నారన్న గొడవ కూడా ఇక్కడే తేలాలి, అది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం వ్యవహారం. స్వాధీనంలో ఉన్న స్థలంలోంచి దౌర్జన్యంగా గెంటేస్తే మాత్రం ఆరు నెలల్లోపే దావా వెయ్యండి. అప్పుడు హక్కు ఎవరిదని చూడకుండా ముందు స్వాధీనం ఇప్పిస్తారు. పోలీస్ స్టేషన్‌కి కొట్లాట జరిగితే వెళ్లాలి, గెట్టు కోసం కాదు.

మేం చివరికి ఇద్దరి దస్తావేజులూ ముందు పెట్టుకుని లైసెన్స్ సర్వేయర్‌తో కొలిపించాం, ఫీజు చెరిసగం. టేపు అవతలి కొస పక్కింటాయనే పట్టుకున్నాడు. గోడ ఉమ్మడిదే అని తేలింది. సన్‌షేడ్ కింద పైపు వేసి నీళ్లు తన వైపు దించుకుంటానని లోక్ అదాలత్‌లో సంతకం పెట్టాడు, కార్తీక మాసం వానలు మొదలయ్యేలోపు. మా మెట్లు మేమే ఒకటి తగ్గించుకున్నాం.