అరకులో ఎన్ని రాత్రులు ఉండాలి?

అరకుకు ఎన్ని రోజులు పెట్టుకోవాలంటే చాలామంది చూడాల్సిన చోట్లు లెక్కపెట్టి జవాబు చెబుతారు. అరకు విషయంలో ఆ లెక్క కుదరదు. చోట్లు కొన్నే, వాటి మధ్య ఘాట్ రోడ్డు మాత్రం చాలా ఉంది. పైగా ఆ కొండల అందమంతా తెల్లవారుజాము నుంచి ఎనిమిది గంటల లోపే. అందుకే అక్కడ ఎన్ని పొద్దులు నిద్ర లేస్తారో చూసుకుని ప్లాన్ వేసుకోండి. చలికాలంలో వెళ్లేవాళ్లకు మేం చెప్పేది రెండు రాత్రులు: ఒకటి అరకులో, రెండోది పాడేరులో. రెండూ అరకులోనే ఉంటే రెండో రాత్రి సగం వృథా.

ముందు ఒక్కరోజు ప్రయాణం సంగతి. విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక బౌడార దగ్గర్నుంచి కొండదారి మొదలవుతుంది కాబట్టి, టీ కోసం ఆగడం కూడా కలుపుకుంటే నాలుగు గంటలు పడుతుంది. రానుపోను ఎనిమిది. అరకు నుంచి బొర్రా గుహలు మళ్లీ 36 కిలోమీటర్లు వెనక్కి, అదీ ప్రధాన రోడ్డు వదిలి పక్కకు తిరగాలి. గుహల్లో మెట్లు దిగి ఎక్కి రావడానికి గంటన్నర కావాలి. ఇంక మిగిలేది భోజనం, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్, మూడింటికీ పరుగే. ఒక్కరోజే ఉన్నవాళ్లు అరకు ఊరిదాకా పోవద్దు. పొద్దున్నే బయల్దేరి బొర్రా, అక్కడ జీపు మాట్లాడుకుని కటికి జలపాతం, ఆ తర్వాత అనంతగిరి కాఫీ తోటలు చూసుకుని చీకటి పడకముందే ఘాట్ దిగిపోవడం మేలు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని, వాటి నీడన కాఫీ మొక్కలు పెరిగే తోటలు అనంతగిరి దగ్గర రోడ్డు పక్కనే కనిపిస్తాయి. చలికాలంలో అయితే కొమ్మల నిండా ఎర్రటి పళ్లు.

రైలు కోసమే వెళ్లాలనుకుంటే తప్పకుండా వెళ్లండి, కానీ ఒకవైపే. విశాఖ–కిరండూల్ రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరి, సమయానికి నడిస్తే పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో మొదలైంది. దాని సీట్లు తక్కువ, సెలవు రోజుల్లో ముందే అయిపోతాయి. ఈ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం. అందువల్ల గూడ్సులకు దారి ఇస్తూ మన బండి ఆగిపోవడం మామూలే. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే పెట్టుకుంటే ఆలస్యమైన ప్రతి నిమిషం మీ సాయంత్రంలోంచే పోతుంది, దారిలో సగం చీకట్లోనే గడుస్తుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే బండి రద్దయ్యే అవకాశమూ ఉంది. రైల్లో వెళ్లేవాళ్లు బొర్రా గుహలు స్టేషన్లోనే దిగి, గుహలు చూసుకుని జీపులో అరకు వెళ్తే 36 కిలోమీటర్లు వెనక్కి వచ్చే బాధ తప్పుతుంది. సామాను మాత్రం తక్కువ ఉండాలి.

ఇక రెండు రాత్రుల లెక్క. మొదటి రోజు బొర్రా, అనంతగిరి చూసుకుని సాయంత్రానికి అరకు. మర్నాడు చీకటితోనే లేచి మాడగడ వ్యూపాయింట్‌కు వెళ్లి, తిరిగొచ్చి టిఫిన్, తర్వాత మ్యూజియం. మధ్యాహ్నం గది ఖాళీ చేసి పాడేరు దారి పట్టండి. సుమారు 45 కిలోమీటర్లు. చాపరాయి దారిలోనే తగులుతుంది. అక్కడ నీళ్లు పరుపుబండ మీద పలచగా జారుతూ చూడ్డానికి ఏ ప్రమాదమూ లేనట్టే ఉంటాయి. పాచి పట్టిన చోట కాలు పెడితే నిలవదు, కింద గుంటలున్నాయి. పిల్లల చెయ్యి వదలొద్దు.

బొంగు చికెన్ తినాలంటే అది అమ్మే బండి దగ్గర ముందే చెప్పి వెళ్లండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. అరగంటకు పైనే పడుతుంది. అడగ్గానే చేతిలో పెట్టారంటే అది ఎప్పుడో కాల్చి ఉంచిందని అర్థం.

రెండో రాత్రి పాడేరులో ఎందుకంటే దాని దగ్గర్లోని వంజంగి కొండ కోసం. మేఘాల సముద్రం చూడాలంటే సూర్యోదయానికి ముందే కొండపైన ఉండాలి. ఎక్కడానికి గంట పైనే పడుతుంది కాబట్టి నాలుగుకల్లా నడక మొదలవ్వాలి. అరకులో పడుకుంటే రెండింటికే లేచి, పొగమంచులో ఘాట్ మీద బండి నడపాలి. పాడేరులో ఉంటే మూడున్నరకు లేచినా సరిపోతుంది. దారి మట్టి, రాళ్లు. మంచుకు తడిసి జారుతుంది. పట్టున్న బూట్లు, ఒక్కొక్కరికి ఒక టార్చి ఉండాలి. మేఘాలు రోజూ రావు. నవంబరు నుంచి జనవరి దాకా అవకాశం ఎక్కువ. రాత్రి ఆకాశం తేటగా ఉండి చలి బాగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. డిసెంబరు శని, ఆదివారాల్లో మాత్రం కొండ కిందే బండ్లు బారులు తీరి, మీరు పైకి చేరేసరికి ఎండెక్కుతుంది. ఆదివారం బయల్దేరి మంగళవారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే గది అద్దె కూడా తగ్గుతుంది.

కొండ దిగాక మళ్లీ అరకు మీదుగా రానక్కర్లేదు. మాడుగుల ఘాట్ దిగి చోడవరం మీదుగా విశాఖ చేరొచ్చు. ఆ ఘాట్ మలుపులు గట్టివి, కాబట్టి వాంతులయ్యే పిల్లలుంటే దిగాకే టిఫిన్ పెట్టండి. మాడుగులలో హల్వా కొనుక్కోవడం మరిచిపోవద్దు.

మూడో రాత్రి పెట్టుకుంటే చలికి పేరుపడ్డ లంబసింగికే. అదీ పాడేరు నుంచి చింతపల్లి మీదుగా వెళ్లి, నర్సీపట్నం వైపు దిగేట్టయితేనే. హైదరాబాద్ వాళ్లు నర్సీపట్నం రోడ్ స్టేషన్లో తిరుగు రైలు ఎక్కొచ్చు. విశాఖకే తిరిగి రావాల్సినవాళ్లకు ఈ మూడో రాత్రి అనవసరం.

అనంతగిరిలోనూ అరకులోనూ పర్యాటక శాఖ హరిత రిసార్టులున్నాయి. చలికాలం వారాంతాలకు ముందే బుక్ చేసుకోండి. ఎక్కడ దిగినా గది తీసుకునే ముందు రెండు అడగండి: వేడినీళ్లు తెల్లవారుజామున మూడింటికి వస్తాయా, అదనపు దుప్పట్లు ఇస్తారా. చాలాచోట్ల వేడినీళ్లకు వేళలుంటాయి, వంజంగికి వెళ్లేవాళ్లకు ఆ వేళ కుదరదు. పెట్రోలు శృంగవరపుకోటలో నింపుకోండి. చేతిలో నగదు ఉంచుకోండి, కొండల్లో సిగ్నల్ పోతే ఫోన్ చెల్లింపు జరగదు.

మార్చి తర్వాత ఎండాకాలంలో వెళ్తే ఒక్క రాత్రి చాలు. జలపాతాలు సన్నబడతాయి, మేఘాలకు ఆశ ఉండదు. వేసవి వానలు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూసే నాలుగు రోజులు తగిలితే మాత్రం ఇంకో రాత్రి అనంతగిరిలోనే ఆగండి. ఆ వాసన కోసం.