పారదర్శక పలకల్లో హెపటైటిస్‌-బి వైరస్‌: ఒక బోధన నమూనాపై సమీక్ష

జీవశాస్త్ర అధ్యాపకుల కోసం రూపొందించిన ఈ నమూనా పెట్టెలో రెండు భాగాలున్నాయి: పొరలు విడదీసి చూపగల హెపటైటిస్‌-బి వైరస్‌ రేణువు ఒకటి, ఒకే ఇరుసు మీద తిరిగే నాలుగు గుండ్రటి పారదర్శక పలకల జన్యుపటం మరొకటి. రేణువు చూడముచ్చటగా ఉన్న మాట నిజమే కానీ, డబ్బు పెట్టి కొనదగినది జన్యుపటమే.

ఈ వైరస్‌ డీఎన్‌ఏ పొడవు సుమారు 3,200 క్షార జంటలు (జన్యు అక్షరాల జంటలు) మాత్రమే. ఆ కొద్ది జాగాలోనే పాలిమరేజ్‌ (డీఎన్‌ఏను తయారుచేసే ఎంజైము), ఉపరితల ప్రోటీన్లు, కోర్‌ (డీఎన్‌ఏను కప్పి ఉంచే లోపలి తొడుగు), ఎక్స్‌ అనే నాలుగు జన్యువులు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి; ఉపరితల ప్రోటీన్ల జన్యువైతే పూర్తిగా పాలిమరేజ్‌ జన్యువు పరిధిలోనే ఇమిడిపోతుంది. పాఠ్యపుస్తకాల్లోని రంగు వలయాలను చూసిన విద్యార్థి వీటిని నాలుగు వేర్వేరు ముక్కలుగా ఊహించుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ పలకలను ఒకదానిపై ఒకటి తిప్పి కలిపితే, అవే అక్షరాలు ఒక్క స్థానం జరిగిన చట్రంలో (మూడేసి అక్షరాలుగా చదివే వరుసలో) మరో ప్రోటీన్‌కు సంకేతాలవుతున్న తీరు కళ్లకు కడుతుంది. ఉదాహరణకు, పాలిమరేజ్‌ పలకపై 204వ స్థానంలో మెథియొనిన్‌ అనే అమైనో ఆమ్లాన్ని సూచించే ‘ఏటీజీ’ ఉంది. దానిలోని ‘ఏ’ మీద పెట్టెలో ఇచ్చిన ‘జీ’ బిళ్లను అమర్చితే అది వాలిన్‌గా మారుతుంది. లామివుడిన్‌ మందుకు వైరస్‌ లొంగకుండా పోవడానికి కారణమయ్యే ముఖ్యమైన మార్పుల్లో ఇదొకటి. అదే బిళ్ల, కింది పలకలో ఉపరితల ప్రోటీన్‌ 195వ స్థానంలోని ఐసోల్యూసిన్‌ను మెథియొనిన్‌గా మార్చేస్తుంది. ఎంత ఉపన్యసించినా ఇంత స్పష్టంగా చెప్పలేము.

డీఎన్‌ఏ నుంచి తయారయ్యే ప్రీజీనోమిక్‌ ఆర్‌ఎన్‌ఏను (వైరస్‌ కొత్త డీఎన్‌ఏకు మూసగా వాడుకునే నకలును) వలయం కంటే కాస్త పొడవైన ఎర్రటి పట్టీగా ఇచ్చి, దాని రెండు చివరలా ఒకే వరుస పునరావృతమయ్యేలా ముద్రించడం కూడా మెచ్చుకోదగిన జాగ్రత్త.

అసలు లోపం రేణువులో ఉంది. కోర్‌ లోపల డీఎన్‌ఏను రెండు పోచలూ సంపూర్ణంగా మూసుకున్న వలయంగా చూపారు. నిజానికి రేణువులోని రెండు పోచల్లో ఒకటైన రుణ పోచ పూర్తి పొడవున్నా దాని చివరలు అతుక్కుని ఉండవు, ఒక చివరకు పాలిమరేజ్‌ గట్టిగా బంధించబడి ఉంటుంది. రెండోదైన ధన పోచ అసంపూర్ణంగానే ఉంటుంది. కాలేయ కణం కేంద్రకంలోకి చేరాక, ఆ కణానికి చెందిన మరమ్మతు ఎంజైములే దీనిని మూసుకున్న వలయంగా మారుస్తాయి. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారయ్యే రివర్స్‌ ట్రాన్స్‌క్రిప్షన్‌ను అడ్డుకునే మందులు రక్తంలో వైరస్‌ను అణచగలిగినా ఈ వలయాన్ని తొలగించలేవు కనుకనే చికిత్స ఏళ్ల తరబడి సాగుతుంది. వ్యాధి మొండితనానికి మూలమైన ఈ అంశాన్నే తప్పుగా చూపడం చిన్న పొరపాటు కాదు.

వెంట వచ్చిన పుస్తకంలో ఎక్స్‌ ప్రోటీన్‌కు ఒక్క వాక్యమే దక్కింది. ఆ వలయాన్ని మూగబోయేలా చేసే ఎస్‌ఎంసీ 5/6 అనే కణ ప్రోటీన్ల సముదాయాన్ని నాశనం చేయించి, జన్యువులు పనిచేసేలా చూసేది ఇదే అన్న సంగతి అందులో లేదు. ఉపరితల ప్రోటీన్లు మూడు పరిమాణాల్లో ఉన్నా అన్నింటికీ ఒకే రంగు వేశారు; 2012లో బయటపడిన ఎన్‌టీసీపీ గ్రాహకానికి (వైరస్‌ కాలేయ కణంలోకి ప్రవేశించే ద్వారానికి) అతుక్కునే భాగం పెద్ద ప్రోటీన్‌లోనే ఉందని చెప్పాలంటే అధ్యాపకుడే దానికి వేరే రంగు పూసుకోవాలి.

డిగ్రీ, ఆపై స్థాయి తరగతులకు పలకల భాగాన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. తయారీదారు రెండు భాగాలనూ విడివిడిగా అమ్మితే రేణువును వదిలేసి పలకలనే తీసుకోవడం మంచిది. రెండూ కలిపి కొనక తప్పకపోతే, లోపలి వలయంలో ధన పోచను కొంతమేర కత్తిరించి వాడుకోవాలి.