ఏడు వేసవుల తర్వాత మా గాజు గోడ ఇల్లు

ఈ ఇంట్లో చేరిన కొత్తలో ఎవరు వచ్చినా హాల్లోని పడమటి గాజు ముందు నిలబడి ఫోటో దిగేవారు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. పైన చజ్జా, అంటే ఎండకూ వానకూ అడ్డంగా గోడ నుంచి ముందుకు వచ్చే పలక, లేదు. పెడితే ఎలివేషన్, అంటే ఇంటి బయటి రూపు, పాడవుతుందని డిజైన్ గీసినవారు అంటే నేనూ తల ఊపాను.

మొదటి వేసవిలోనే సాయంత్రం నాలుగు దాటితే హాల్లో కూర్చోలేమని తేలిపోయింది. మందపాటి కర్టెన్లు వేశాం. అంచు పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా కాలేది. ఎండ గాజు దాటి లోపలికి వచ్చేశాక కర్టెన్ ఆపేది వెలుతురునే, ఆ వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. ఒకరోజు లెక్క వేశాను. గాజు విస్తీర్ణం దాదాపు 6 చదరపు మీటర్లు. సాయంకాలపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్ల చొప్పున తగిలినా, మామూలు గాజు అందులో ఎక్కువ భాగాన్ని లోపలికి వదులుతుంది. అంటే సుమారు మూడు వేల వాట్లు. ఒక టన్ను ఏసీ గదిలోంచి తోడేసే వేడి మూడున్నర వేల వాట్లు. గాజు పోసే వేడిని ఎత్తిపోయడానికే ఒక ఏసీ కొన్నామన్నమాట!

పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి చజ్జా ఉన్నా పెద్దగా ఆగేది కాదు. నాలుగో ఏట గాజుకు బయట, అడుగు దూరంలో, నిలువు చెక్క పలకలు వరసగా బిగించాం. సాయంత్రాలు హాలు మళ్లీ మాకు దక్కింది. ఇప్పుడు అక్కడ ఎవరూ ఫోటోలు దిగడం లేదు.

పై గది సంగతి వేరు. ఆరు అంగుళాల శ్లాబు మధ్యాహ్నమంతా తాగిన వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. బయట చల్లబడే వేళకు మా మంచం మీద ఎండ మొదలవుతుంది. రాత్రి పదింటికి మంచమెక్కి సీలింగ్ మీద అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. డాబా మీద తెల్లటి రంగు వేయించాక చాలా తగ్గింది. అయిన ఖర్చుకు ఇంత ఫలితమిచ్చిన పని ఈ ఇంట్లో మరొకటి లేదు. రంగు మాసినప్పుడల్లా కడగాలి, అంతే.

మిగతా కిటికీలకూ చజ్జాలు లేకపోవడం వల్ల మరో చిక్కు ఉంది. వాన మొదలై చల్లగాలి తిరిగే సరికి జల్లు లోపలికి కొడుతుంది, సరిగ్గా అప్పుడే కిటికీ తలుపులు వేసుకోవాలి.

వెలుతురుకు మాత్రం వంక పెట్టలేను. పగలు ఏ గదిలోనూ లైటు వెయ్యం. బాత్‌రూములు కూడా తొందరగా ఆరతాయి.

పడక గదులకు ఒక్కొక్క కిటికీయే ఉంది. గాలి రావడానికి దారి ఉంది గానీ పోవడానికి లేదు. ఫాల్స్ సీలింగ్ కోసం వెంటిలేటర్లు ఎత్తేశారు. పై గదికి ఎదురు గోడలో చిన్న కిటికీ కొట్టించాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. ఆ గోడకే బయట ఏసీ యూనిట్ వేలాడుతోంది, ముందు దాన్ని కదపాలి.