ఉమ్మెత్త సారం పరీక్ష: టీఎల్‌సీనా, హెచ్‌పీఎల్‌సీనా, ఏది మేలు?

ఒంగోలు, నెల్లూరు వైపు పెంటకుప్పల మీద, పొలం గట్ల మీద తనంతట తనే మొలిచే ఉమ్మెత్తలో మతి తప్పించేవి స్కోపొలమిన్, హయోసయమిన్, అట్రోపిన్. అట్రోపిన్ వేరే పదార్థమేం కాదు; హయోసయమినే వేడికీ క్షారానికీ మారి అలా తయారవుతుంది. ఆకుకీ గింజకీ, కోతకీ కోతకీ వీటి పాళ్లు మారతాయి. అందుకే మందుకి వాడే సారం ప్రతి బ్యాచీనీ పరీక్షించాల్సిందే. ఉమ్మెత్త మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఈ(1) విషద్రవ్యాల జాబితాలో ఉంది. దీని గింజలు మిరప గింజల్లో కలిస్తే చూపుతో ఏరడం కూడా కష్టమే.

టీఎల్‌సీ అంటే పలుచటి పొర పూసిన ప్లేటు మీద ద్రావకం పాకుతూ పదార్థాలను విడదీసే పరీక్ష. దానికి ఖర్చు తక్కువ. సిలికా ప్లేటు, టొల్యీన్, ఇథైల్ అసిటేట్, డైఇథైల్ అమీన్ 70:20:10 పాళ్లలో కలిపిన ద్రావకం, పైన డ్రాగెన్‌డార్ఫ్ స్ప్రే: ఆల్కలాయిడ్ (పైన చెప్పినలాంటి మొక్కల రసాయనం) ఉన్నచోట నారింజ చుక్క పడుతుంది. అమీన్ వేయకపోతే ఆల్కలాయిడ్ సిలికాని పట్టుకుని తోకలాగా సాగుతుంది. ప్లేటుని 105 డిగ్రీల్లో అమీన్ వాసన పోయేదాకా ఆరబెట్టకుండా స్ప్రే కొడితే ప్లేటంతా నారింజే, చుక్క ఎక్కడుందో తెలీదు. సముద్రపు తేమకి సిలికా నీరు పీల్చుకుంటుంది, చుక్కల ఎత్తు రోజుకోలా వస్తుంది. వాడేముందు 110 డిగ్రీల్లో అరగంట ఉంచి, పక్కనే ప్రామాణిక నమూనా చుక్క పెట్టాలి. ఇంతా చేసి తెలిసేది ఉందా లేదా అన్నదే. ఎంతుందో మాత్రం కళ్లతో చెప్పలేం.

ఆ లెక్క హెచ్‌పీఎల్‌సీ చెబుతుంది: ద్రావకాన్ని పంపు ఒత్తిడితో కాలమ్ అనే గొట్టంలోంచి తోసి, పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం అది. సీ18 కాలమ్ (నూనెలాంటి పూత ఉన్న సిలికా నింపింది), పీహెచ్ 3 దగ్గర ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారనివ్వని ఉప్పు ద్రావణం), అసిటోనైట్రైల్, 210 నానోమీటర్ల కాంతి. ఈ ఆల్కలాయిడ్లు అతినీలలోహిత కాంతిని అంతగా పీల్చవు కాబట్టి అంత కిందికి దిగాలి. అక్కడ ఆకులోని చెత్తంతా కూడా పీకులుగా (గ్రాఫులో శిఖరాలుగా) లేస్తుంది. వడపోయని నమూనా ఎక్కిస్తే పచ్చటి జిగురు కాలమ్‌ని మూసేస్తుంది. 0.45 మైక్రాన్ వడపోత, ముందు చెత్తని ఆపే చిన్న గార్డ్ కాలమ్ తప్పనిసరి. పని అయ్యాక బఫర్‌ని నీళ్లతో కడక్కుండా రాత్రంతా వదిలేస్తే ఉప్పు గట్టిపడి పంపు సీళ్లు పోతాయి. మామూలు సీ18 హయోసయమిన్‌నీ అట్రోపిన్‌నీ విడదీయలేదు. రిపోర్టులో రెండూ కలిపే రాయాలి.

చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే బయట ల్యాబులోనైనా హెచ్‌పీఎల్‌సీకే పెట్టండి. ముడిసరుకు అందిన రోజునే సరిచూడ్డానికి మాత్రం టీఎల్‌సీ చాలు.

ఇక సారం విషమా కాదా అని చూసే ఎలుకల పరీక్ష, ఓఈసీడీ 423 (అంతర్జాతీయ పరీక్షా పద్ధతి): ఒక్కో మోతాదుకి 3 ఎలుకలు, 14 రోజుల గమనింపు. అందులో ఎలుకలు బాగానే ఉన్నాయని సారం మనిషికీ భద్రమే అనుకోవద్దు. అట్రోపిన్ విషయంలో ఎలుక మనకన్నా ఎంతో గట్టిది. కొన్ని కుందేళ్లకైతే రక్తంలోనే దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. అట్రోపిన్ ఉండే బెల్లడోనా ఆకు మేసినా తిరుగుతూనే ఉంటాయి.